లావుపాటి అంకె

ఆ రోజు పొద్దున్న సుమారుగారు పెట్టుకున్న పని ఒక్కటే. అత్తగారి నాటకం గురించి తమ చానెల్ స్క్రోలింగులో ఒక్క లైను వేయించడం. అంతకుమించి ఏ ఘనకార్యమూ ఆయన తలపెట్టలేదు. తలపెట్టని ఘనకార్యాలే మనిషి నెత్తిన పడతాయంటారు గానీ, అది సరిగ్గా ఆ రోజే వచ్చి పడుతుందని ఎవరు మాత్రం కలగన్నారు?

ఆయన ఒక వార్తా చానెల్లో డెస్కు ఇన్‌చార్జి. తెర మీద కనిపించే ప్రతి అక్షరమూ ఆయన కళ్ల ముందు నుంచే పోవాలి. ఏ అంకె ముందైనా "సుమారు" అన్న మాట తగిలించనిదే ఆయన చెయ్యి ముందుకు సాగదు. రేపు ఏదైనా తేడా వస్తే ఆ మాట చాటున తలదాచుకోవచ్చని ఆయన ధీమా. అందుకే ఆఫీసులో అసలు పేరు మరుగునపడి ఈ పేరు స్థిరపడింది. పెళ్లిచూపుల్లో వయసెంత బాబూ అని అడిగితే "సుమారు ఇరవై ఏడండీ" అన్నారని అత్తగారు నేటికీ దెప్పుతూనే ఉంటారు. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. ఆవిడ దృష్టిలో సుమారు అనేవాడంటే లెక్క రానివాడని అర్థం.

"అమ్మ మళ్లీ అడిగిందండీ," అంది భార్య, ఆయన షూ లేసులు కట్టుకుంటుండగా. "ఊళ్లో అందరి గురించీ వేస్తారు, సొంత అల్లుడు చానెల్లో ఉండి ఒక్క లైను వేయించలేడా అంటోంది."

"వేయిస్తానన్నాగా."

"పోయిన నెల్లో కూడా ఇదే అన్నారు. ఆదివారమే నాటకం. అమ్మది రాణి వేషం. ఇవాళ డ్రెస్సులు వేసుకుని రిహార్సలట. ఎక్కడో చెప్పింది, గుర్తుందా?"

"ఊ," అన్నారు సుమారుగారు. అత్తగారు ఆ చోటు గురించి ఎన్నిసార్లు చెప్పారో అన్నిసార్లూ ఆయన ఇలాగే ఊ కొట్టారు.

గుమ్మంలో బడి సంచి తగిలించుకుంటున్న కూతురు కిసుక్కున నవ్వింది. పోయిన వారమే ఆ గడుగ్గాయి తన గొంతు రికార్డు చేసి అమ్మమ్మ ఫోనులో రింగుటోనుగా పెట్టేసింది. అప్పటినుంచి ఆ ఫోను మోగినప్పుడల్లా "అమ్మమ్మా, ఫోనెత్తు! అమ్మమ్మా, ఫోనెత్తు!" అని ఇంటి పైకప్పు లేచిపోయేలా కేక వినిపిస్తోంది. తీసేయమంటే అత్తగారు ఒప్పుకోరు. మనవరాలి గొంతు కదా.

సుమారుగారు ఆఫీసులో కూర్చుని నాటకం లైను రాయబోతుండగా రిపోర్టరు ఫోను వచ్చింది.

"సార్, హాలు కప్పు కూలింది సార్! బస్టాండు వెనక పాత హాలు. దుమ్ము తప్ప ఏమీ కనబడట్లేదు."

"లోపల ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నారంటున్నారు సార్."

"ఎవరంటున్నారు?"

"అందరూ అంటున్నారు సార్."

ఇలాంటప్పుడు వార్త కంటే ముందు పుట్టేది ప్లేటు. ప్లేటంటే తెర పక్కన ఎర్రగా వచ్చి నిలబడే పలక. దాని మీద మృతులు, క్షతగాత్రులు, చిక్కుకున్నవారు అని మూడు గళ్లుంటాయి. గ్రాఫిక్స్ అమ్మాయి ఆ ప్లేటు తయారుచేసి, కుర్చీలోంచే కేకేసింది.

"సార్, గడిలో అంకె ఎంత సైజు పెట్టమంటారు?"

"లెక్క ఇంకా రాలేదమ్మా. ముందు ఎనిమిది పెట్టి చూసుకో."

"ఎనిమిదే ఎందుకు సార్?"

"అంకెలన్నిట్లోకీ లావుపాటిది అదే. ఎనిమిది ఇమిడిందంటే ఏదైనా ఇముడుతుంది. చూసుకున్నాక తీసేద్దువుగాని."

ఇది ఆయన పత్రికలో పనిచేసిన రోజుల్లో నేర్చుకున్న కిటుకు. ఆ అమ్మాయి మృతుల గడిలో 8 పెట్టింది. చక్కగా ఇమిడింది. దాన్ని తీసేసేలోపు ప్రసారం నడిపే కంట్రోల్ రూమువాళ్లు ప్లేటు సిద్ధమైందని గమనించారు. సిద్ధంగా ఉన్న ప్లేటును చూస్తూ చేతులు కట్టుకు కూర్చునే కంట్రోల్ రూము భూమ్మీద ఇంకా పుట్టలేదు. మరుక్షణం గోడ మీది టీవీలన్నిట్లో "మృతులు: 8" అని ప్రత్యక్షమైంది.

సుమారుగారు చీఫ్ గదిలోకి పరుగెత్తారు.

"సార్, ఆ ఎనిమిది తప్పు సార్. సైజు చూడటానికి పెట్టింది."

"మరి ఎంత?"

"ఇంకా తెలీదు సార్."

"తెలియనప్పుడు తప్పని ఎలా అంటావయ్యా?" అన్నాడు చీఫ్. చీఫ్ ఆయనను జాలిగా చూశాడు. "చూడూ, మృతుల సంఖ్య ఎక్కుతుందే గానీ దిగదు. ఒక్కసారి దింపామంటే జనం రిమోటు అందుకుంటారు. కాస్త ఓపిక పట్టు. నిజంగా ఎంతమందో తేలేసరికి ఎలాగూ ఎనిమిది దాటుతుంది. అప్పుడు మనం తప్పు వేసినట్టు కాదు, ముందు వేసినట్టు."

చేసేదిలేక సుమారుగారు తన సీటుకొచ్చి, తనకు తెలిసిన ఒకే ఒక్క రక్షణ తగిలించారు. "సుమారు 8 మంది మృతి" అని స్క్రోలింగు మొదలైంది. వెంటనే చీఫ్ గది తలుపు తెరుచుకుంది.

"సుమారు ఎనిమిదేంటయ్యా? ఏడున్నర మంది పోయారనుకోవాలా జనం? తీసెయ్!"

ఈలోగా అవతలి చానెల్ తొమ్మిది వేసేసింది. ఆ తొమ్మిది ఎక్కడిదో సుమారుగారికి ఎవర్నీ అడక్కుండానే తెలుసు. మన ఎనిమిదికి ఒకటి కలిపితే వచ్చేదే కదా.

ఏదైనా అధికారి నోట ఒక్క నిజమైన అంకె వస్తే చాలు, ఈ పీడ వదిలించుకోవచ్చని ఆయన పెద్దాసుపత్రికి ఫోను చేశారు. డ్యూటీ డాక్టరు ఎత్తాడు.

"ఇంతవరకూ ఎంతమందిని తీసుకొచ్చారండీ?"

"ఇంకా ఎవర్నీ తేలేదండీ. కానీ మీ చానెల్ చూస్తూనే ఉన్నాం. ఎనిమిదికీ ఏర్పాట్లు చేసి ఉంచాం."

ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు ఉంది వ్యవహారం. "అయ్యో, అది కాదండీ..." అనేలోపు అవతలివైపు ఫోను పెట్టేశారు. అదే ఆసుపత్రికి హాలు దగ్గరున్న ఇన్‌స్పెక్టరు ఫోను చేశాడు. ఎనిమిదికి సిద్ధంగా ఉన్నామని డాక్టరు చెప్పాడు. ఆసుపత్రి వర్గాల ప్రకారం ఎనిమిదని ఇన్‌స్పెక్టరు పై అధికారికి చెప్పాడు. పోలీసుల సమాచారం మేరకు ఎనిమిదని ఆ అధికారి మైకుల ముందు నిలబడి చెప్పాడు. చివరికి సొంత రిపోర్టరే ఫోనులో ఎగిరి గంతేశాడు. "సార్, మనదే కరెక్టు సార్! అధికారికంగా ఎనిమిది!" పొద్దున్న ఇంటి బట్టలతో బయటికి పోయిన అంకె మధ్యాహ్నానికి కోటూ టైతో తిరిగొచ్చింది.

క్షతగాత్రుల గడి కూడా ఖాళీగా ఊరుకోలేదు. హాలెదురుగా టీ కొట్టాయన కంట్లో దుమ్ము పడింది. పక్కనున్న క్లినిక్‌కు వెళ్తే వాళ్లు పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. పెద్దాసుపత్రివాళ్లు కంటి ఆసుపత్రికి పొమ్మన్నారు. మూడు చోట్లా రాసుకున్నారు కాబట్టి ముగ్గురు క్షతగాత్రులయ్యారు. ఆ ముగ్గురూ కలిసి ఒకే సైకిలు మీద తిరిగొచ్చి టీ కొట్టు తెరిచేశారు.

ఇలాంటివి చూసి సుమారుగారికి నవ్వే వచ్చేది, అప్పుడే భార్య ఫోను చేయకపోయి ఉంటే.

"ఏమండీ! ఆ హాలేనండీ! అమ్మ రిహార్సలు అక్కడేనండీ!"

సుమారుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఎంతసేపట్నుంచో చేస్తున్నా, ఎత్తట్లేదండీ. ఎనిమిది మందని మీ చానెల్లోనే వేస్తున్నారు. నిజమా?"

"నిజం కాదే! అది... అది ఉత్త సైజు కోసం..."

"సైజేంటండీ? పెద్దాఫీసరు మైకులో చెప్తుంటే!" భార్య భోరుమంది.

ఆ ఎనిమిదిని పుట్టించింది తానే. దానికి తల్లీ తండ్రీ తానే. అయినా అంతమంది పెద్దవాళ్లు అంత నిబ్బరంగా అదే మాట అంటుంటే ఆయనకే అనుమానం పుట్టింది. తాను గుడ్డిగా వేసిన అంకె నిజమైపోయి ఉంటే? ఆ ఎనిమిది మందిలో ఆవిడ ఉంటే? ఆయన అత్తగారి నంబరు నొక్కారు.

అదే సమయానికి తెర మీద సహాయక సిబ్బంది చేతులెత్తి జనాన్ని నిశ్శబ్దంగా ఉండమంటున్నారు. శిథిలాల అడుగు నుంచి సన్నగా ఒక గొంతు వినిపించింది.

"అమ్మమ్మా, ఫోనెత్తు! అమ్మమ్మా, ఫోనెత్తు!"

"విన్నారా!" యాంకరమ్మ కేక పెట్టింది. "శిథిలాల కింద ఓ చిన్నారి! అమ్మమ్మ కోసం పిలుస్తోంది!"

సుమారుగారి చేతిలోంచి ఫోను జారి కింద పడి, లైను కట్టయింది. తెర మీద ఆ గొంతు ఠక్కున ఆగిపోయింది.

"అయ్యో... ఆ గొంతు ఆగిపోయింది..." యాంకరమ్మ కళ్లు తుడుచుకుంది. గ్రాఫిక్స్ అమ్మాయి వెక్కివెక్కి ఏడ్చింది. సుమారుగారు గబగబా ఫోను ఏరుకుని మళ్లీ చేశారు. చిన్నారి మళ్లీ పిలిచింది. హాలు దగ్గర జనం చప్పట్లు కొట్టారు, ఎవరో ఈల కూడా వేశారు.

"సార్," అన్నారాయన చీఫ్ దగ్గరికెళ్లి. "ఆ పిల్ల మా అమ్మాయి సార్."

"మీ అమ్మాయా! హాల్లో ఉందా?"

"లేదు సార్, బడిలో ఉంది."

చీఫ్ ఆయన భుజం తట్టాడు. "నువ్వు కాసేపు కూర్చోవయ్యా. మంచినీళ్లు తాగు."

ఇక అక్కణ్నుంచి కథ ఎవరి చేతుల్లోనూ లేదు. టీవీ చూసిన బంధువులు తమవాళ్లకు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. శిథిలాల కింద ఒకటి కాదు, పదీ పదిహేను ఫోన్లు మోగాయి. మోగిన ప్రతి ఫోనుకూ సహాయక సిబ్బంది ఒక మనిషిని లెక్కవేశారు. చిక్కుకున్నవారి సంఖ్య పెరిగినకొద్దీ టీవీ చూసేవాళ్లు పెరిగారు, చూసేవాళ్లు పెరిగినకొద్దీ ఫోన్లు పెరిగాయి, ఫోన్లు పెరిగినకొద్దీ చిక్కుకున్నవారు పెరిగారు. మూడో గడిలో రెండంకెల సంఖ్య పట్టక గ్రాఫిక్స్ అమ్మాయి ఏడుస్తూనే గడి వెడల్పు చేసింది.

సుమారుగారు తల పట్టుకుని కూర్చున్నారు. ఫోను అక్కడుందంటే మనిషి కూడా అక్కడే ఉన్నట్టు. ఎన్ని వంకలు పెట్టేది ఆవిడ! షర్టు గుండీ నుంచి చేతిరాత దాకా దేన్నీ వదిలేది కాదు. కానీ కూతురు పుట్టినప్పుడు రాత్రిళ్లు ఆయన నిద్ర చెడకూడదని, పిల్లను భుజాన వేసుకుని వరండాలో ఎక్కాలు చదువుతూ తిరిగింది కూడా ఆవిడే. అలాంటి మనిషి నెల రోజులుగా ఒక్క లైను అడిగింది. లేని ఎనిమిది మందిని చంపడానికి తెర మీద చోటుంది గానీ, బతికున్న అత్తగారి నాటకానికి చోటు లేకపోయిందా అనుకునేసరికి ఆయనకు దుఃఖం ఆగలేదు.

మూలనున్న ల్యాండులైను మోగింది. ప్రేక్షకుల కోసమని తెర అడుగున తిరిగే నంబరు అది. ప్రేక్షకులు చేస్తారన్న భయంతో దాన్ని ఎవరూ ఎత్తరు. మోగీ మోగీ ఆగకపోయేసరికి సుమారుగారే ఎత్తారు.

"హలో, డెస్కులో మా అల్లుడుగారుంటారు. ఒకసారి పిలుస్తారా?"

"అ... అత్తయ్యగారూ?"

"మీరేనా! ఏం లేదండీ, అందరం దర్జీ కొట్లో ఉన్నాం. ఇక్కడ టీవీలో మీ చానెలే పెట్టాడు. ఆ పసిపిల్ల గొంతు అచ్చం మన పిల్ల గొంతులాగే ఉందే! ఇవాళ బడికి పంపలేదా ఏమిటి?"

సుమారుగారు బావురుమన్నారు.

"అయ్యయ్యో, ఏడుస్తారేమిటండీ?"

"మీరు బతికే ఉన్నారా అత్తయ్యగారూ?"

"అదేం ప్రశ్న? ఫోను చేసింది నేనే కదా!"

మెల్లగా సంగతి బయటపడింది. రాజుగారి కోటు వదులైంది, రాణిగారి జాకెట్టు బిగుతైంది. అందర్నీ తీసుకొస్తే కొలతలు చూసి అక్కడికక్కడే సరిచేస్తానని దర్జీ కబురు పెట్టాడు. నాటకం బృందమంతా వేషాలతోనే నడుచుకుంటూ వెళ్లిపోయారు. ఫోన్లు మాత్రం హాల్లోనే ఉండిపోయాయి. ఒకసారి ఏడుపు సీనులో ఎవరి ఫోనో మోగిందట. అప్పటినుంచి దర్శకుడు రిహార్సలు మొదలవగానే అందరి ఫోన్లూ ఒక గుడ్డసంచిలో వేయించి స్టేజీ మీద కొక్కేనికి తగిలిస్తాడు.

"అంటే ఆ కూలింది మా హాలా?" అన్నారు అత్తగారు. "దుమ్ములో పోల్చుకోలేదు. ఎవరో పాపం అని ఇందాకట్నుంచీ మేమూ ఏడుస్తూనే ఉన్నాం!"

"మొత్తం అందరూ ఉన్నారా? సుమారుగా..."

"సుమారేమిటండీ, ఇరవై రెండు. వాచ్‌మన్‌తో కలిపి ఇరవై మూడు. కిరీటాల పెట్టె బరువుగా ఉంటే అతని చేతే మోయించుకొచ్చాం. హాలుకి తాళం వేసి మరీ వచ్చాడు."

ఆయన ముందు భార్యకు చెప్పారు. తర్వాత చీఫ్ గదిలోకి తలుపు తట్టకుండా వెళ్లారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో అది మొదటిసారి.

"సార్, మృతులు సున్నా. చిక్కుకున్నవారు సున్నా. హాల్లో ఎవ్వరూ లేరు."

"అధికారులు ఎనిమిదంటుంటే నువ్వు సున్నా అంటావేంటి? సోర్సెవరు?"

"మా అత్తగారు సార్."

"అత్తగారు అధికారిక సోర్సు ఎలా అవుతుందయ్యా?"

"చనిపోయింది ఆవిడే సార్! ఆవిడకంటే ఎవరికి తెలుస్తుంది?"

చీఫ్ ఏదో అనబోయాడు గానీ అతని చూపు గోడ మీదున్న అవతలి చానెల్ మీద పడి అక్కడే ఆగిపోయింది. రిపోర్టరు గంభీరంగా మాట్లాడుతుంటే, అతని వెనక నుంచి కిరీటాలు పెట్టుకున్న గుంపు ఒకటి నడిచొస్తోంది. ముందు రాణి. జాకెట్టుకు ఇంకా దర్జీ గుండుసూదులున్నాయి. ఇన్‌స్పెక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"వెనక్కి జరగండమ్మా. బాధితుల బంధువులు తప్ప ఎవరూ రాకూడదు."

"మేం బంధువులం కాదు నాయనా, బాధితులం."

"బాధితులు లోపలున్నారమ్మా."

"లోపలున్నవి మా ఫోన్లు. ఏదీ, నీ ఫోనిలా ఇవ్వు."

ఆవిడ ఇన్‌స్పెక్టరు ఫోను తీసుకుని తన నంబరు నొక్కారు. శిథిలాల కింద చిన్నారి "అమ్మమ్మా, ఫోనెత్తు!" అంది. ఆవిడ కట్ చేశారు. చిన్నారి ఊరుకుంది. మళ్లీ నొక్కారు. మళ్లీ అంది. తరగతిలో మొద్దబ్బాయికి లెక్క చెప్పినట్టు మూడోసారి కూడా చేసి చూపించి, ఎటూ కెమెరా తన మీదే ఉందని గ్రహించి, ఆదివారం నాటకానికి అందరూ రావాలని, హాలు మాత్రం మారుతుందని ప్రకటించారు.

"సున్నా వెయ్యండి!" చీఫ్ గావుకేక పెట్టాడు. "అవతలివాళ్లకంటే ముందు మనం సున్నా వెయ్యాలి! పరుగెత్తండి!" మృతుల సంఖ్య దిగదన్న సూత్రం ఏమైందని సుమారుగారు అడగలేదు. ఆ కంగారులో అడిగే తీరిక ఎవరికీ లేదు.

అంబులెన్సులు వచ్చేశాయి కాబట్టి వాటిని ఖాళీగా పంపడం బాగుండదని, రాజునీ రాణినీ సైన్యాన్నీ ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తపోటు చూసి పంపారు. దాంతో క్షతగాత్రుల సంఖ్య ఇరవై ఐదైంది. మాకేం కాలేదని సైనికులు మొత్తుకున్నా, చేరిన పేరు చేరినట్టేనని ఆసుపత్రివాళ్లు చెప్పారు. వాచ్‌మన్ ఒక్కడే తెలివైనవాడు, నడిచి ఇంటికి పోయాడు.

సాయంత్రం ఇంట్లో అత్తగారు సోఫాలో, మనవరాలు ఆవిడ ఒళ్లో. భార్య తల్లి చెయ్యి వదలకుండా కూర్చుంది. సుమారుగారు ఆవిడ ఎదురుగా కుర్చీ లాక్కుని, ఆవిడ ఏమంటే దానికి తలూపుతూ, ఈసారి నిజంగానే వింటున్నారు. టీవీలో మంత్రిగారు మైకుల ముందుకొచ్చారు.

"సహాయక సిబ్బంది ప్రాణాలొడ్డి పనిచేశారు. మధ్యాహ్నం ఎనిమిదిగా ఉన్న మృతుల సంఖ్యను సాయంత్రానికల్లా సున్నాకు తీసుకురాగలిగాం. ఇంత తక్కువ సమయంలో ఇంత తగ్గుదల గతంలో ఎన్నడూ లేదు."

చప్పట్లు మారుమోగాయి. ఆ చప్పట్లు ఆగకముందే సుమారుగారి చానెల్లో పెద్ద అక్షరాలు మెరిశాయి. "మా కథనానికి స్పందన. ఎనిమిది మందికి ప్రాణదానం."

"మేం ఇరవై రెండు మందిమి కదండీ," అన్నారు అత్తగారు కళ్లజోడు సర్దుకుంటూ. "మాలో ఏ ఎనిమిది మందిని బతికించారట?"

అంతలో సుమారుగారి ఫోను మోగింది. అవతల చీఫ్.

"అదిరిపోయిందయ్యా! రేపు పొద్దున్న ఆ ఎనిమిది మందినీ స్టూడియోకి తీసుకొచ్చెయ్. లైవులో సన్మానం చేద్దాం."

"సార్, ఆ ఎనిమిది మంది అసలు..." అనేలోపు లైను కట్టయింది. ఆయన నిస్సహాయంగా అత్తగారి వైపు తిరిగారు.

ఆవిడ అప్పటికే రాజుగారితో మొదలుపెట్టి వేళ్ల మీద ఏడుగురిని ఎంచేసి, ఎనిమిదో మనిషి కోసం ఆలోచిస్తున్నారు.